గాలపు చక్రం – చేతి ధర్మం

సాధనాలకు ధర్మాధర్మాలు ఉంటాయా అన్న ప్రశ్న కొత్తది కాదు. కత్తి చేసిన పాపం కత్తిది కాదనీ, దానిని పట్టిన చేతిదనీ లోకం చాలా కాలంగా చెప్పుకుంటూ వచ్చింది. అయితే ఆ మాటతో విచారణ ముగియదు. ఒకే పనికి రెండు సాధనాలు ఉన్నవనుకుందాం. ఒకటి పనిని సులువు చేసి, మనిషిని ఆ పనికి దూరం చేస్తుంది. రెండవది పనిని కష్టం చేసి, మనిషిని దానికి దగ్గర చేస్తుంది. అప్పుడు ఆ ఎంపికలో నైతికాంశం ఏదైనా ఉన్నదా? సులువైనది చేతికి అందుతూ ఉండగా కష్టమైనదానిని కోరి పట్టుకోవడం నిగ్రహమా, లేక నిగ్రహమనే వేషం వేసుకున్న విలాసమా?

ఈ ప్రశ్నను యుద్ధం, పరిశ్రమ, వ్యవసాయం వంటి పెద్ద సందర్భాలలో అడగడం పరిపాటి. పెద్ద సందర్భాలలో అవసరాలు, లాభనష్టాలు, రాజ్యాల ప్రయోజనాలు ఎన్నో వచ్చి చేరి ప్రశ్నను మరుగుపరుస్తాయి. చిన్న విషయంలో అది స్పష్టంగా కనిపిస్తుంది. సముద్రంపై ఒక మనిషి పట్టేంత చిన్న కయాక్ పడవలో కూర్చుని, నూరేళ్ళనాటి పద్ధతిలో తయారైన సెంటర్‌పిన్ రీలుతో గాలం వేసే అలవాటు అటువంటి చిన్న విషయం. అంతకంటే వేగంగా, సుఖంగా చేపను పట్టగల యంత్రాలు దుకాణాలలో దొరుకుతూ ఉండగా కొందరు ఈ పాత చక్రాన్నే కోరుకుంటున్నారు. ఎందుకు కోరుకుంటున్నారు, ఆ కోరికకు విలువ ఉన్నదా అన్నదే ఇక్కడి విచారణ.

హౌరా గట్టున

తెలుగువారికి హౌరా అంటే రైలుదారికి చివర. మద్రాసు నుంచి బయలుదేరిన మెయిలు నెల్లూరు, విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం దాటి ఆగే చోటు అది. ఆ స్టేషనులో దిగి, 1943లో ప్రారంభమైన వంతెన మీదుగా కలకత్తాలోకి వెళ్ళిపోయేవారే ఎక్కువ. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున ఉన్న హౌరాను ఒక ఊరుగా చూసేవారు తక్కువ. ఆ ఊరికి ఒకప్పుడు భారతదేశపు షెఫీల్డ్ అని పేరు. బెలిలియస్ రోడ్డు పరిసరాలలో లేతు మిషన్ల చప్పుడు, పోతపని కొలుముల వేడి ఆ పేరుకు ఆధారాలు. పెద్ద కర్మాగారాలకు కావలసిన చిన్న భాగాలను చిన్న గదులలో తిప్పి, చెక్కి, నునుపుచేసి ఇచ్చే పనివారి నైపుణ్యం మీద ఆ ఊరు బ్రతికింది.

హౌరాకు రెండవ ముఖం కూడా ఉన్నది. అది నీటి ముఖం. బెంగాలీ జీవితంలో పుకుర్ అనే చెరువుకు ఉన్న స్థానం ఆ జిల్లాలోనూ కనిపిస్తుంది. చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చోవడం అక్కడ పొట్టకూటి పని మాత్రమే కాదు, ఒక వినోదం, ఒక విద్య. సెలవుదినాన చెరువు యజమానికి రుసుము చెల్లించి, తెల్లవారకముందే స్థానం చూసుకుని, తవుడు, తెలగపిండి, మెంతులు వంటివాటితో కలిపిన ముద్దలను నీటిలో వేసి, రాగండి కోసమో బొచ్చె కోసమో సాయంత్రం దాకా నిరీక్షించే గుమస్తాలు, ఉపాధ్యాయులు, పనివారు ఈ సంప్రదాయాన్ని నిలిపినవారు. వారి భాషలో గాలపుకర్ర ఛిప్, బెండు ఫాత్నా. కర్రకు కట్టే చక్రానికి హుయిల్ అని పేరు. ఆంగ్లంలోని వీల్ అనే మాట బెంగాలీ నోట తిరిగి అలా స్థిరపడింది. ఈ హుయిల్ పాత రకంలో నడుమ ఒక ఇరుసు, దాని చుట్టూ తిరిగే రాట్నం, రెండు పిడులు తప్ప మరేమీ ఉండదు. అదే సెంటర్‌పిన్ రీలు. లేతు మీద పనిచేసే చేయి, చెరువు గట్టున చక్రం తిప్పే చేయి ఒకే ఊరిలో ఉండడం వల్ల ఈ విచారణకు హౌరా తగిన చోటు.

హౌరాకు సముద్రం దూరం కాదనే సంగతి కూడా గమనించవలసినదే. ఊరు సముద్రపు టొడ్డున లేదు. అయినా సముద్రమే రోజుకు రెండుసార్లు ఆటుపోట్ల రూపంలో ఊరి రేవుల దాకా వస్తుంది. పెద్ద పోటు సమయాలలో నీరు గోడలా లేచి నదికి ఎదురు పరుగెత్తడాన్ని అక్కడివారు బాన్ అంటారు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీదే ఇలస చేపకు కూడా ఇదే దారి. గోదావరిలో పులస అని పేరు మార్చుకునే చేప అదే. కనుక హౌరా చెరువు గట్టు నుంచి బంగాళాఖాతపు అలల మీదికి ఈ చక్రం వెంట వెళ్ళడం అసహజమైన ప్రయాణం కాదు.

చక్రం పనిచేసే తీరు

సెంటర్‌పిన్ రీలు నిర్మాణం అతి సరళం. నునుపైన ఉక్కు ఇరుసు మీద ఒక రాట్నం తిరుగుతుంది. పిడిని ఒకసారి తిప్పితే రాట్నం ఒకసారి తిరుగుతుంది. పళ్ళచక్రాలు లేవు, వేగాన్ని పెంచే ఏర్పాటు లేదు. పదిహేను సెంటీమీటర్ల వ్యాసం ఉన్న నిండు రాట్నాన్ని ఒక చుట్టు తిప్పితే చేతికి వచ్చే దారం సుమారు 47 సెంటీమీటర్లు, అంతే. చేప పరుగెత్తినప్పుడు దానిని ఆపడానికి లోపల బ్రేకు కూడా లేదు. రాట్నపు అంచు మీద బొటనవేలో అరచేయో ఆనించి, ఒరిపిడితో వేగాన్ని తగ్గించాలి. ఎక్కువ నొక్కితే దారం తెగుతుంది. తక్కువ నొక్కితే రాట్నం అదుపు తప్పి, దారం చిక్కుపడుతుంది. పరుగెత్తే రాట్నపు పిడులు వ్రేళ్ళ కణుపులను కొట్టడం ఈ విద్యలో ప్రతివారికీ తొలి పాఠం.

ఈ చక్రం చరిత్ర నేతపనితో ముడిపడి ఉన్నది. లేసు పరిశ్రమకు పేరుపొందిన ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో, ట్రెంట్ నదిలో గాలం వేసేవారు పందొమ్మిదవ శతాబ్దంలో కొయ్య రాట్నాలను వాడుకలోకి తెచ్చారు. సూదులకు, గాలపు కొక్కేలకు ప్రసిద్ధమైన రెడిచ్‌లోని ఆల్‌కాక్ సంస్థ శతాబ్దాంతంలో ఏరియల్ అనే తేలికైన ఆకుల చక్రాన్ని తయారుచేసింది. ఇంగ్లండు ఈశాన్య తీరంలో సముద్రపు చేపల కోసం స్కార్బరో అనే రేవు పేరుతో పెద్ద కొయ్య చక్రాలు వచ్చాయి. 1920లో చార్లెస్ ఆల్వే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో స్థాపించిన సంస్థ, విసిరేటప్పుడు రాట్నాన్ని పక్కకు తిప్పుకునే ఏర్పాటు చేసి ఈ పాత చక్రాన్నే సముద్రతీరానికి అనువుగా మలచింది. ఈ చక్రాన్ని వెనుకకు నెట్టిన యంత్రం కూడా నేతశాల నుంచే వచ్చింది. బ్రాడ్‌ఫోర్డ్ మిల్లు యజమాని ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇల్లింగ్‌వర్త్ 1905లో హక్కుపత్రం పొందిన రీలులో దారపుకండె తిరగదు. మిల్లులో కదురు మీది నుంచి నూలు జారినట్లు దారం కండె అంచు మీదుగా జారుతుంది. తరువాతి కాలంలో దానికి పళ్ళచక్రాలు, ముందుగా బిగించి ఉంచే బ్రేకు కుదురుకున్నాయి. చేప ఎంత లాగితే దారం వదలాలో మనిషి బయలుదేరేముందే ఒక మర తిప్పి నిర్ణయించుకోవచ్చు. ఆ తరువాతి పని యంత్రం చూసుకుంటుంది.

ఈ రెండింటి మధ్య భేదం కేవలం వేగానిది కాదు. కొత్త యంత్రంలో చేప బలానికి జవాబు ముందుగానే సిద్ధమై ఉంటుంది. పాత చక్రంలో ఆ జవాబును ప్రతి క్షణం చేయి కనిపెట్టాలి. ఒకటి నిబంధన, రెండవది వివేచన అని చెప్పవచ్చు. ఈ భేదమే నైతిక విచారణకు మూలం.

కయాక్, తెప్ప

ఉత్తర ధ్రువప్రాంతపు వేటగాళ్ళు సీలు చర్మాన్ని చట్రానికి బిగించి చేసుకున్న పడవ కయాక్. నేడు వినోదానికి వాడేవి ఎక్కువగా ప్లాస్టిక్‌తో పోతపోసినవి. వాటిలో పైన కూర్చునే రకానికి అడుగు దాకా రంధ్రాలు ఉంటాయి. అల మీదికి వచ్చిన నీరు ఆ రంధ్రాల గుండా తిరిగి సముద్రంలోకే పోతుంది. ఈ సూత్రం కోరమాండల్ తీరానికి కొత్తది కాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా జాలరులు తరతరాలుగా వాడిన తెప్ప అదే సూత్రం మీద నిలిచింది. తేలికైన దుంగలను తాళ్ళతో కట్టిన తెప్పలోకి నీరు వస్తుంది, పోతుంది. మునగడానికి దానికి కడుపే లేదు. కాటమరాన్ అనే ఆంగ్లపదం కట్టుమరం అనే తమిళమాట నుంచి పుట్టిందన్నది సుప్రసిద్ధం. పూరీలోని పెంటకోటలో స్థిరపడిన తెలుగు జాలరులు ఈ విద్యను ఒడిశా తీరానికి తీసుకువెళ్ళారు. కాలక్రమంలో దుంగల స్థానంలో ఫైబరు తెప్పలు, తెడ్డు స్థానంలో మోటారు వచ్చాయి.

కయాక్‌కు, పాత చక్రానికి పొత్తు కుదరడానికి తగిన కారణం ఉన్నది. సెంటర్‌పిన్ రీలుతో గాలాన్ని దూరంగా విసరడం కష్టం. రాట్నమంతా కదిలితేగాని దారం వదలదు. ఒడ్డున నిలబడినవాడికి ఇది పెద్ద లోపం. కయాక్‌లో కూర్చున్నవాడు విసరనవసరం లేదు. తెడ్డుతో చేపలున్న చోటికే వెళ్ళి, సీసపు బరువుతో దారాన్ని నిలువుగా దింపుతాడు. ఇరుసు మీద స్వేచ్ఛగా తిరిగే రాట్నానికి ఇంతకంటే అనువైన పని లేదు. ఇక పెద్ద చేప పడినప్పుడు పడవే చేప వెంట కదులుతుంది. ఆ కదలిక సగం బ్రేకు పని చేస్తుంది. చేప బలం, అల బలం, చేతి బలం ఒకే దారం మీదికి వస్తాయి. ఉప్పునీరు ఇత్తడిని పచ్చబరుస్తుంది, కొయ్యను ఉబ్బించి రాట్నాన్ని బిగిస్తుంది. అందువల్ల ఒడ్డుకు రాగానే చక్రాన్ని విప్పి, మంచినీటితో కడిగి, ఆరబెట్టి, ఇరుసుకు నూనె రాయడం వేటలో భాగమే అవుతుంది. విప్పడానికి పెద్ద పనిముట్లు అక్కరలేదు. పాడైన భాగాన్ని ఒక లేతు పనివాడు తిరిగి చేయగలడు. తన చేతిలోని వస్తువు లోపల ఏమి జరుగుతున్నదో తెలిసి ఉండడం కూడా ఒక విధమైన స్వాతంత్ర్యమే. గాంధీజీ యంత్రాలన్నింటినీ ఒకే గాట కట్టలేదనీ, సింగర్ కుట్టుమిషనుకు మినహాయింపు ఇచ్చారనీ ఇక్కడ గుర్తు చేసుకోవచ్చు. యంత్రం మనిషికి లోబడి ఉన్నదా, మనిషి యంత్రానికి లోబడినాడా అన్నదే ఆయన పరీక్ష.

రెండు ఆక్షేపణలు

ఇంతవరకు చెప్పినది పాత చక్రానికి అనుకూలమైన వాదం. దానిపై రెండు బలమైన ఆక్షేపణలు ఉన్నవి. వాటిని దాటవేసి చేసే ప్రశంస కేవలం పాతదనం మీది మోజు అవుతుంది.

మొదటి ఆక్షేపణ పేదరికం వైపు నుంచి వస్తుంది. చేతిలో దారం తప్ప మరేమీ లేకుండా తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళిన జాలరి ఆ కష్టాన్ని కోరుకోలేదు. విశాఖ తీరంలో సూరచేపల కోసం, కొమ్ముకోనాం కోసం చేతితాడు వేసేవారి అరచేతులలో కోతలు నిగ్రహానికి గుర్తులు కావు. పెద్ద చేప లాగినప్పుడు తాడు చేతికి చుట్టుకుంటే మనిషే నీటిలోకి పోతాడు. అటువంటి మనిషి ముందు, ఇంట్లో కొత్త యంత్రం ఉంచుకుని పాతదానితో కష్టపడి ఆనందించే వినోదకారుడు ధర్మం గురించి మాట్లాడడం ఎబ్బెట్టుగా ఉండదా? జాలరికి మోటారు వస్తే, వించి వస్తే, గుర్తుపట్టే పరికరం వస్తే, అది అతని బిడ్డలకు చదువు, అతని ప్రాణానికి రక్షణ. వాటిని వద్దని అతనికి ఎవరూ ఉపదేశించరాదు.

ఈ ఆక్షేపణ పూర్తిగా న్యాయమైనది. దానిని అంగీకరించడం వల్ల ఒక విషయం తేటపడుతుంది. నిగ్రహమనేది శక్తి ఉన్నవాడి గుణం. లేనివాడి లేమికి ఆ పేరు పెట్టడం అతనిని గౌరవించడం కాదు, అతని కష్టాన్ని అలంకారంగా వాడుకోవడం. ఉపవాసం వేరు, ఆకలి వేరు. పంక్తిలో విస్తరి ముందు కూర్చుని వద్దనగలిగినవాడిదే ఉపవాసం. కనుక పాత చక్రం పట్టినవాడు తన ఎంపికను తన మీదనే వర్తింపజేసుకోవాలి. జాలరిని అనుకరిస్తున్నాననుకోవడం, జాలరికంటే తాను శుద్ధుడననుకోవడం రెండూ భ్రమలే.

రెండవ ఆక్షేపణ చేప వైపు నుంచి వస్తుంది. ఇది మరింత గంభీరమైనది. పాత చక్రంతో వేట న్యాయమైన పోటీ అని దాని అభిమానులు అంటారు. చేపకు తప్పించుకునే అవకాశం ఎక్కువన్నది వారి వాదం. అయితే పోటీకి చేప ఒప్పుకోలేదు. పందెంలో ఒకరికి ప్రాణం, మరొకరికి పొద్దుపోక అయినప్పుడు దానిని పోటీ అనడం భాషకే అన్యాయం. పైగా పళ్ళచక్రాలు లేని రీలుతో చేపను దగ్గరకు తేవడానికి ఎక్కువ సమయం పడుతుంది. పోరాటం సాగినకొద్దీ చేప కండరాలలో అలసట పేరుకుంటుంది. లోతు నుంచి పైకి తెచ్చిన చేప లోపలి గాలితిత్తి ఉబ్బి, తిరిగి వదిలినా బ్రతకకపోవచ్చు. చేపకు నొప్పి తెలియదన్న పాత నమ్మకం కూడా నేడు నిలవదు. లిన్ స్నెడన్, ఆమె సహచరులు 2003లో ట్రౌట్ చేప తలభాగంలో గాయాన్ని గ్రహించే నాడులు ఉన్నట్లు ప్రకటించారు. చేప అనుభవం ఎటువంటిదన్న చర్చ శాస్త్రజ్ఞులలో సాగుతూనే ఉన్నా, అనుమానం ఉన్నచోట దయ వైపు మొగ్గడం వివేకం. స్విట్జర్లాండ్ వంటి దేశాలలో, తిరిగి వదలాలనే ఉద్దేశంతోనే గాలం వేయడాన్ని చట్టం అనుమతించదు. తినడానికి కానప్పుడు ఆ ప్రాణిని బాధించడానికి కారణమేమిటన్నది ఆ చట్టం అడిగే ప్రశ్న.

కాబట్టి పాతది గనుక దయగలదన్న తర్కం చెల్లదు. పాత సాధనం చేపకు ఒక్కొక్కప్పుడు ఎక్కువ బాధ కలిగించగలదు. ఆ చక్రానికి విలువ ఉంటే అది చేప పొందే సౌఖ్యంలో లేదు. చేపను పట్టినవాడిలో కలిగే ఎరుకలో మాత్రమే ఉండాలి. ఆ ఎరుక అతనిని ఏమి చేయిస్తుందన్నదాన్ని బట్టి ఆ విలువను నిర్ణయించాలి.

చేతిలోకి వచ్చిన చేప

భారతీయ సంప్రదాయం ఈ విషయంలో ఒకే మాట చెప్పలేదు. కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో రచించిన మానసోల్లాసంలో రాజవినోదాలలో మత్స్యవినోదం ఒకటి. చేపల జాతులు, వాటికి వేసే మేత, గాలపు దారం, కర్ర మొదలైనవాటిని ఆ గ్రంథం వివరిస్తుంది. గాలం వేయడం విద్యగా, వినోదంగా ఈ దేశంలో ఎంత పాతదో అది చెబుతుంది. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ది రాడ్ ఇన్ ఇండియా అనే గ్రంథం ప్రచురించేనాటికి ఈ నేలపై ఆ విద్యకు ఏడు శతాబ్దాల లిఖిత చరిత్ర ఉన్నది.

దీనికి అవతలివైపున అశోకుడు ఉన్నాడు. పట్టాభిషేకం జరిగిన ఇరవయ్యారవ ఏట వేయించిన అయిదవ స్తంభశాసనంలో ఆయన కొన్ని ప్రాణులను చంపరాదన్నాడు. చాతుర్మాస్య పూర్ణిమలు, తిష్య పూర్ణిమ, ఉపవాసదినాలు పేర్కొని, ఆ రోజులలో చేపలను చంపరాదనీ, అమ్మరాదనీ ఆదేశించాడు. చేపలు తినడం మానమని ప్రజలందరినీ ఆయన శాసించలేదు. పట్టేచేతికి కాలంలో ఒక హద్దు గీశాడు. నేడు తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు యాంత్రిక పడవల వేటను ప్రభుత్వం నిషేధించడం, మోటారు లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఇవ్వడం ఇదే దారిలోని ఆలోచన. పశ్చిమ బెంగాల్‌లో ఇలసను పట్టే వల కన్ను 90 మిల్లీమీటర్లకు తగ్గరాదన్న నియమం కూడా అటువంటిదే. పిల్లచేప జారిపోయేంత ఖాళీని వలలో వదలమని చట్టం కోరుతున్నది. సాధనానికి ధర్మాధర్మాలు లేవన్న సామెత ఇక్కడ కొంత సవరించుకోవలసి వస్తుంది. వల కన్ను పరిమాణంలోనే ధర్మం ఇమిడి ఉన్నది.

ఈ రెండు ధోరణులకు మూలంలో ఒక కథ ఉన్నది. శతపథ బ్రాహ్మణంలో మనువు చేతులు కడుక్కుంటూ ఉండగా ఒక చిన్న చేప ఆయన చేతిలోకి వస్తుంది. పెద్ద చేపలు చిన్న చేపలను తింటాయనీ, పెరిగేదాకా తనను కాపాడమనీ అడుగుతుంది. తెలుగువారికి పోతన భాగవతపు అష్టమ స్కంధంలోని మత్స్యావతార కథ ద్వారా సత్యవ్రతుడి పేరుతో ఇది పరిచితం. బలవంతుడు బలహీనుణ్ణి మింగే స్థితికి మన రాజనీతిజ్ఞులు మాత్స్యన్యాయమని పేరు పెట్టారు. ఆ న్యాయాన్ని ఆపడానికే రాజ్యం పుట్టిందన్నారు. కథలోని ముఖ్యమైన సంగతి చేప బరువు మనువు చేతికి తెలియడం. దూరాన ఈదుతున్న చేపను ఆయన కాపాడలేదు. చేతిలో బరువై తగిలినదానిని కాపాడాడు.

బిగించిన బ్రేకు, తెలిసిన చేయి

పాత చక్రం విలువ సరిగ్గా ఇక్కడ ఉన్నది. సాధనం శక్తి పెరిగినకొద్దీ మనిషికీ, అతని పనికి గురైన ప్రాణికీ మధ్య దూరం పెరుగుతుంది. ట్రాలరు వలలో టన్నులుగా పైకి వచ్చినదానిలో ఒక్కొక్క చేప బరువు ఎవరికీ తెలియదు. పనికిరాదని తిరిగి సముద్రంలోకి పారవేసినదాని బరువు అసలే తెలియదు. మంచి బ్రేకు ఉన్న కొత్త రీలులో కూడా కొంత దూరం ఏర్పడుతుంది. సెంటర్‌పిన్ చక్రంలో ఆ దూరం లేదు. బొటనవేలి కింద పరుగెత్తే అంచు ఒక ప్రాణి చేస్తున్న చివరి ప్రయత్నం. దానిని యంత్రానికి అప్పగించి వేరే దిక్కు చూడడానికి వీలులేదు.

అయితే తెలియడం ఒక్కటే ధర్మం కాదు. తెలిసి కూడా క్రూరంగా ఉండేవారు ఉన్నారు. చేతికి తెలిసినదానిని బుద్ధి ఒప్పుకుని, నడతను మార్చుకున్నప్పుడే ఆ ఎరుకకు సార్థకత. పాత చక్రాన్ని నిజంగా అర్థం చేసుకున్నవాడి వేటలో కొన్ని లక్షణాలు సహజంగా కనిపించాలి. తినేంతవరకే పట్టడం, పట్టినదానిని వెంటనే బాధలేకుండా ముగించడం, గుడ్లు పెట్టే కాలంలో చట్టం అడగకపోయినా గాలం చుట్టిపెట్టడం, తన సాధనం భరించలేనంత పెద్ద చేప తిరిగేచోట దానిని దింపకపోవడం అటువంటివి. దారం తెగిపోయి, నోటిలో కొక్కేన్ని మోసుకుంటూ పోయిన చేప తప్పించుకున్న చేప కాదు. దానిని న్యాయమైన పోటీకి సాక్ష్యంగా చెప్పుకోవడం ఆత్మవంచన. చిన్న పడవలో సముద్రంలోకి వెళ్ళేవాడు గాలిని, పోటును, తన శక్తిని ఎరిగి ఉండడం, ప్రాణరక్షక కవచం ధరించడం కూడా ఇందులో భాగమే. ఒడ్డున ఎదురుచూసేవారి పట్ల అది అతని బాధ్యత. ఈ లక్షణాలు లేనప్పుడు పాత చక్రం గాజు బీరువాలో పెట్టుకునే వస్తువు మాత్రమే. ఉన్నప్పుడు కొత్త రీలు పట్టిన చేయి కూడా ధర్మమైన చేయే.

ఈ చిన్న విషయం నుంచి పెద్ద విషయాలకు దారి ఉన్నది. నేటి పాలనలో, వ్యాపారంలో, వైద్యంలో నిర్ణయాలు అంతకంతకూ ముందుగా బిగించిన బ్రేకుల వంటివి అవుతున్నాయి. నిబంధన ఉంటుంది, పరిమితి ఉంటుంది, యంత్రం లెక్కకట్టి అవుననో కాదనో చెబుతుంది. ఇది తప్పనిసరి. లక్షలమందికి సంబంధించిన పనిలో ప్రతి ఒక్కరి బరువును ఒకే చేయి మోయలేదు. నిబంధన లేని చేయి పక్షపాతానికి లోనవుతుంది. వల కన్ను కొలత చట్టంలో ఉండవలసిందే, జాలరి దయకు వదలరానిదే. అయినా ఆ నిబంధనను వ్రాసేవాడు, అమలుచేసేవాడు ఎప్పుడో ఒకప్పుడు దాని అంచుపై తన బొటనవేలిని ఆనించి చూడాలి. నిషేధకాలంలో పొయ్యి వెలగని జాలరి ఇల్లు ఎలా ఉన్నదో, మినహాయింపు పొందిన తెప్ప మీద వెళ్ళినవాడికి ఆ రోజు ఏమి దొరికిందో తెలియని సంతకం, చేప బరువు తెలియని బ్రేకు వంటిది. అది పని చేస్తుంది. ఎవరి మీద పని చేస్తున్నదో దానికి తెలియదు.

సులువైన సాధనాన్ని వదిలి కష్టమైనదాన్ని పట్టుకోవడం అందరికీ విధి కాదు. బ్రతుకుతెరువు కోసం శ్రమించేవాడికి సులువైన సాధనం అందించడమే సమాజ ధర్మం. శక్తి, తీరిక, ఎంపిక మూడూ ఉన్నవాడి విషయం వేరు. అతడు ఏదో ఒక పనినైనా తన చేతితో, దాని పూర్తి బరువు తెలిసేలా చేయడం మంచిది. ఆ పని గాలం వేయడమే కానక్కరలేదు. తన సౌఖ్యానికి వెల ఎవరు చెల్లిస్తున్నారో చేతికి తెలిసే చోటు ఒకటి ఉంటే చాలు. హౌరాలో లేతు మీద ఇరుసును చెక్కే పనివాడు వెంట్రుకవాసి తేడాను వ్రేలి కొనతో పసిగడతాడు. అతడు చేసిన చక్రం మరొక చేతికి చేరి, నీటి కింద ఉన్న ప్రాణి బరువును ఆ చేతికి తెలియజేస్తుంది. ఆ తరువాత చేయవలసింది చక్రం చెప్పదు. అది మనిషి నిర్ణయించుకోవలసినదే.